ఎన్‌4 దాటాకే అసలు లెక్క

జపనీస్ భాషా సామర్థ్య పరీక్షను అందరూ జేఎల్‌పీటీ అంటారు. 2010 దాకా అందులో నాలుగు మెట్లుండేవి. ఒక్కో మెట్టుకు ఎంత చదవాలో నిర్వాహకులే ప్రకటించారు. అడుగు మెట్టుకు 150 గంటలు, 800 మాటలు, 100 కంజీలు, అంటే చైనా లిపి నుంచి వచ్చిన అక్షరాలు. దాని పైమెట్టుకు 300 గంటలు, 1,500 మాటలు, 300 కంజీలు. మూడోదానికి 600 గంటలు, 6,000 మాటలు, 1,000 కంజీలు. అన్నిటికన్నా పైమెట్టుకు 900 గంటలు, 10,000 మాటలు, 2,000 కంజీలు.

రెండో మెట్టు నుంచి మూడోదానికి వెళ్లేటప్పుడు గంటలు రెండింతలయితే మాటలు నాలుగింతలవుతున్నాయి. ఈ అగాధంలో చాలామంది ఆగిపోతున్నారనే 2010లో నడుమ ఎన్‌3 అనే కొత్త మెట్టు పెట్టి మొత్తం ఐదు చేశారు. నేటి ఎన్‌4 పాత రెండో మెట్టుకు, ఎన్‌2 పాత మూడోదానికి సాటి. రెండింటికీ పాస్ మార్కులు 180కి 90. అంకె ఒకటే కాబట్టి దూరం కూడా అంతేనని కొత్తగా చేరినవాళ్లు అనుకుంటారు.

హైదరాబాద్‌లో మాధాపూర్, అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద కనిపించేది ఎక్కువగా ఎన్‌5, ఎన్‌4. వాటికీ విలువుంది. 2021 జనవరిలో భారత్, జపాన్ చేసుకున్న నైపుణ్య కార్మికుల ఒప్పందం కింద వృద్ధుల సంరక్షణ లాంటి పనులకు వెళ్లడానికి భాష విషయంలో ఎన్‌4 స్థాయి ఉండాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకూ సంరక్షకులకూ జపనీస్ నేర్పిస్తున్నది ఇందుకే. హైటెక్ సిటీ పని వేరు. జపాన్ క్లయింటు పంపిన పత్రాన్ని చదివి, ఇక్కడి టీముకు అర్థం చెప్పి, తిరిగి జవాబు రాసే మనిషిని బ్రిడ్జ్ ఇంజినీర్ అంటారు. ఆ కుర్చీకి సాధారణంగా అడిగేది ఎన్‌2, అంతకు పైన.

గిరాకీ ఉంది. 2030 నాటికి తమ దేశంలో ఐటీ సిబ్బంది కొరత 7.9 లక్షల దాకా వెళ్లవచ్చని జపాన్ ఆర్థిక, వాణిజ్య, పరిశ్రమల శాఖ 2019లో లెక్కగట్టింది. 2025 ఆగస్టులో రెండు ప్రభుత్వాలు ఐదేళ్లలో 5 లక్షల మంది రాకపోకలు లక్ష్యంగా పెట్టుకున్నాయి. అందులో 50,000 మంది మన దేశం నుంచి వెళ్లే నిపుణులు.

ఇక తెలుగువాడి లెక్క చూద్దాం. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ, ఇంగ్లీషువాళ్లకు ఏ భాష ఎన్ని తరగతి గంటల్లో వస్తుందో పట్టిక వేసింది. తెలుగుకు 1,100 గంటలు, జపనీస్‌కు 2,200. జపనీస్ అతి కష్టమైన భాష అన్న మాట ఎక్కువగా ఈ పట్టికను ఆధారం చేసుకున్నదే. అది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాడి కష్టం. మనకు అందులో పెద్ద భాగం పుట్టుకతోనే తీరిపోయింది. కర్త, కర్మ, క్రియ అదే వరుస. విభక్తి నామం వెనకే వస్తుంది. 'నిన్న వచ్చిన మనిషి' అన్నట్టే వాళ్లూ విశేషణ వాక్యాన్ని మనిషికి ముందు పెడతారు. 'వస్తానని చెప్పాడు'లోని 'అని' చేసే పని అక్కడ 'తొ' చేస్తుంది. మన 'వచ్చాడా'లోని 'ఆ' చేసే పని వాక్యం చివర 'క' చేస్తుంది. హ్రస్వదీర్ఘాలు, ద్విత్వాలు తెలుగు చెవికి కొత్తవి కావు. పైగా జపనీస్ క్రియకు స్త్రీపురుష భేదం లేదు, వచన భేదం లేదు. ఇంత పోలిక చూసి సుసుము ఓనో అనే జపాన్ పండితుడు తమ భాషను తమిళంతో ముడిపెట్టాడు. భాషాశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఆ చుట్టరికాన్ని ఒప్పుకోలేదు. చుట్టరికం లేకపోయినా పోలిక మాత్రం మనకు పనికొస్తుంది.

లిపిలోనూ కొంత సాయం ఉంది. హిరగానాలో 46 అక్షరాలు, కటకానాలో మరో 46. వాటి వరుస అ, ఇ, ఉ, ఎ, ఒ అంటూ మొదలై క, స, త, న, హ, మ, య, ర, వ అంటూ సాగుతుంది. బౌద్ధంతో పాటు జపాన్ చేరిన సిద్ధం లిపి, సంస్కృత వర్ణక్రమం నేర్పిన పద్ధతి అది. గుణింతాలు దిద్దిన పిల్లకు ఆ పట్టిక తెలిసిన దారే.

మిగిలింది కంజీ. అక్కడ మనకు ఎలాంటి రాయితీ లేదు. 2010 సవరణ తర్వాత నిత్య వాడుకకు నిర్ణయించిన కంజీలు 2,136. జపాన్ పిల్లలు ప్రాథమిక పాఠశాల ఆరేళ్లలో 1,026 నేర్చుకుంటారు, మిగతావి పై తరగతుల్లో. అంటే ఆ భాషలోనే పుట్టి పెరిగిన పిల్లలకూ ఏళ్లు పడుతున్న పని ఇది. మాట్లాడటం తొందరగా వచ్చిన తెలుగు విద్యార్థి చదవడం దగ్గర చతికిలపడటానికి కారణం ఇదే.

కాబట్టి ప్రశ్నంతా సమయం గురించి. శని, ఆదివారాల్లో రెండేసి గంటల బ్యాచ్ అనుకుందాం. ఏడాదికి 48 వారాలు నడిచినా 192 గంటలు. అన్నిటికన్నా పైమెట్టుకు చెప్పిన 900 గంటలకు దాదాపు నాలుగు సంవత్సరాల ఎనిమిది నెలలు. అదే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టుగా వారానికి 15 గంటలు, ఏడాదికి 30 వారాలు అనుకుంటే 450 గంటలు. రెండేళ్లలో 900 పూర్తయి, మూడో ఏడు సాహిత్యానికి, చరిత్రకు మిగులుతుంది.

ఆ మూడో ఏడును అలంకారమనుకోవడం పొరపాటు. జేఎల్‌పీటీ మొత్తం ఇచ్చిన జవాబుల్లో ఒకటి ఎంచుకునే పరీక్ష. నోరు విప్పి మాట్లాడే భాగం లేదు, సొంతంగా ఒక పేరా రాసే భాగమూ లేదు. ఆఫీసులో కావలసినవి ఆ రెండే. జపనీస్ వాక్యంలో కర్తను తరచూ చెప్పరు, ఎదుటివాడి హోదాను బట్టి క్రియ మారుతుంది. ఎవరు ఎవరితో అంటున్నారో సందర్భాన్ని బట్టి పట్టుకోవాలి. ఆ పట్టు కథలు, నవలలు చదివితేనే వస్తుంది. పదకొండో శతాబ్దం మొదట్లో మురసకి షికిబు రాసిన 'గెంజి కథ'లో 54 అధ్యాయాలున్నాయి. అదే శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ భారతం మొదలుపెట్టాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవగల మనిషి తెలుగులో తయారు కావాలని నా కోరిక. కవి ఇస్మాయిల్ తెలుగులో హైకూలు రాశారు, 'తొత్తోచాన్' అనే జపనీస్ పుస్తకం 'రైలుబడి'గా మన ఇళ్లకు వచ్చింది. అయినా జపాన్ సాహిత్యం మనకు చాలావరకు ఇంగ్లీషు మీదుగానే చేరుతోంది. 1968లో కవాబతాకు, 1994లో ఓఎకు నోబెల్ వచ్చిన భాష అది.

హైదరాబాద్‌కు ఈ ఆసక్తి కొత్త కాదు. 1918లో ఉర్దూ మాధ్యమంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. నాలుగేళ్లకు నిజాం ప్రభుత్వ విద్యాశాఖ అధిపతి సయ్యద్ రాస్ మసూద్ జపాన్ వెళ్లి అక్కడి చదువుల తీరు పరిశీలించారు. దాని మీద ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1923లో హైదరాబాద్ నుంచే వెలువడింది. సొంత భాషలో చదువు చెప్పి ఒక ఆసియా దేశం ఎలా ఎదిగిందన్నది ఆయన పట్టించుకున్న విషయం. ఉస్మానియా పక్కనే 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థ వచ్చింది. 1972లో విదేశీ భాషలు కూడా చేరి సీఫెల్ అయింది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా ఇఫ్లూ అయింది. అక్కడ జపనీస్ బోధన ఉంది. తార్నాకలో మెట్రో ఎక్కితే పదహారో స్టేషన్ హైటెక్ సిటీ, రైలు మారే పని కూడా లేదు. అటు గచ్చిబౌలి మీదుగా పోయే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డుకూ, కంది ఐఐటీ భవనాలకూ జపాన్ సంస్థ జైకా రుణం అందింది. డబ్బు, రోడ్డు, ఉద్యోగం అన్నీ కుదిరిన ఊళ్లో ఆ భాషను లోతుగా చదివేవాళ్లే తక్కువ.

ఏ విశ్వవిద్యాలయంలో చేరినా ముందు అడగాల్సింది ఒకటుంది. జపనీస్ అక్కడ ప్రధాన సబ్జెక్టా, ఐచ్ఛికమా, పార్ట్‌టైమ్ డిప్లొమానా? ఢిల్లీ జేఎన్‌యూలో, శాంతినికేతన్ విశ్వభారతిలో బీఏ నుంచే ప్రధాన సబ్జెక్టుగా చదవవచ్చు. ఈ తేడాకు డబ్బు విలువ కూడా ఉంది. జపాన్ ప్రభుత్వం ఏడాది పాటు అక్కడి విశ్వవిద్యాలయంలో చదివించే 'జపనీస్ స్టడీస్' ఉపకార వేతనం ఇటీవలి సంవత్సరాల్లో నెలకు 1,17,000 యెన్‌లు. అది జపాన్ భాషనో సంస్కృతినో ప్రధానంగా చదువుతున్న డిగ్రీ విద్యార్థులకే. కోచింగ్ సర్టిఫికెట్‌తో దానికి అర్హత రాదు.

ఇప్పటికే ఉద్యోగంలో ఉండి డిగ్రీకి తిరిగి వెళ్లలేనివాళ్ల లెక్క ఇది. రోజుకు మూడు కంజీల చొప్పున 2,136 కంజీలకు 712 రోజులు, రెండేళ్లకు కాస్త తక్కువ. పాతవి మళ్లీ చూసుకోవడానికి పట్టే రోజులు దీనికి అదనం. ఎన్‌4 పాసయ్యాక మరో వ్యాకరణం కోర్సుకు ఫీజు కట్టే ముందు, ఆ డబ్బుతో పిల్లల కథల పుస్తకాలు కొనుక్కోండి. వాటిలో కంజీ పక్కన చిన్న అక్షరాలతో ఉచ్చారణ అచ్చువేసి ఉంటుంది. గురువు పక్కన లేకపోయినా పేజీ ముందుకు సాగుతుంది.