కొల్లేరు చేపల వ్యాపారం: చేతిలో నాలుగు ఫోన్లు.. ఒక్క కాల్ మిస్సయితే లోడ్‌కే ఎసరు! అన్నీ ఒకే చోటికి తెస్తే లాభమేంటి?

కొల్లేరు చుట్టుపక్కల చేపల వ్యాపారంలో రేటు ఎంత ముఖ్యమో, టైమ్ కూడా అంతే ముఖ్యం. కైకలూరు, ఆకివీడు ప్రాంతాల్లో పట్టిన శీలావతి, బొచ్చె చేపలు ఐస్‌లో ప్యాకై, వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి హౌరా మార్కెట్‌కు చేరాలి. అస్సాం వైపు వెళ్లే లోడ్లకు దూరం ఇంకా ఎక్కువ. ఇంత వ్యాపారమూ నడిచేది ఫోన్ల మీదే. మరి ఆ ఫోన్లే ఒకదానితో ఒకటి కలవకపోతే?

ఒక ఉదాహరణ చూద్దాం. తెల్లవారుజామున చెరువులో పట్టుబడి మొదలైంది. అనుకున్నదానికంటే సరుకు ఎక్కువ పడేలా ఉందని రైతు గుమస్తాకు ఫోన్ చేశాడు. గుమస్తా లారీ మాట్లాడాడు కానీ, ఐస్ ఫ్యాక్టరీకి చెప్పాల్సింది ఇంకొకరు. ఆయన ఫోన్ ఎంగేజ్. అదే టైమ్‌లో హౌరా నుంచి కమీషన్ వ్యాపారి ‘ఈరోజు లోడ్ తగ్గించండి’ అని ఓనర్ వాట్సాప్‌కు మెసేజ్ పెట్టాడు. ఓనర్ చూసేసరికి లారీ కదిలిపోయింది. ఇక్కడ ఎవరి తప్పూ లేదు. అందరూ ఎవరి పని వాళ్లు చేశారు. సమాచారం మాత్రం నాలుగు ఫోన్లలో నాలుగు ముక్కలుగా ఉండిపోయింది.

అసలు ఏంటీ సిస్టమ్?

దీనికి పరిష్కారంగా వచ్చిందే ఇంటిగ్రేటెడ్ కమ్యూనికేషన్ సిస్టమ్. సింపుల్‌గా చెప్పాలంటే కాల్స్, ఎస్ఎంఎస్, వాట్సాప్, ఈమెయిల్.. అన్నీ ఒకే చోటికి రావడం. బయటివాళ్లకు సంస్థ తరఫున ఒకటే నెంబర్ ఉంటుంది. ఆ నెంబర్‌కు కాల్ వస్తే ‘పట్టుబడి కోసం 1, లారీ వివరాలకు 2, బిల్లుల కోసం 3’ అని వినిపిస్తుంది. ఒకరు ఎత్తకపోతే కాల్ ఆటోమేటిక్‌గా పక్కవాళ్లకు వెళ్తుంది. ఎవరూ ఎత్తకపోతే మిస్డ్ కాల్ అందరి స్క్రీన్ మీదా కనిపిస్తుంది. కాల్స్ ఇంటర్నెట్ ద్వారా నడుస్తాయి కాబట్టి పెద్ద పెద్ద మెషీన్లు కొనక్కర్లేదు. సిబ్బంది మొబైల్‌లో యాప్ ఉంటే చాలు.

కేరళ మత్స్యకారుల అనుభవం ఏం చెబుతోంది?

సమాచారానికి ఎంత విలువ ఉందో చెప్పడానికి మన దేశంలోనే ఒక ప్రసిద్ధ అధ్యయనం ఉంది. 1997 నుంచి 2001 మధ్య ఉత్తర కేరళ తీరానికి మొబైల్ సేవలు వచ్చినప్పుడు ఏం జరిగిందో ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సన్ పరిశీలించారు. 2007లో ఆ వివరాలు ప్రచురించారు. పడవ ఒడ్డుకు రాకముందే ఏ రేవులో కొనేవాళ్లు ఉన్నారో మత్స్యకారులు ఫోన్ చేసి కనుక్కోవడం మొదలుపెట్టారు. దాంతో అమ్ముడుపోక పారబోసే చేపలు దాదాపు లేకుండా పోయాయి. మత్స్యకారుల లాభం సగటున 8 శాతం పెరిగింది. కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది.

అప్పట్లో ఫోన్ లేకపోవడం సమస్య. ఇప్పుడు ఫోన్లు ఎక్కువైపోవడం సమస్య. అంతే తేడా!

మన దగ్గర కూడా ఇలాంటి అడుగు పడింది. ఆంధ్రప్రదేశ్ ఆక్వా రైతుల కోసం సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ (ఎంపెడా) 2020లో విజయవాడలో 24 గంటల కాల్ సెంటర్ ప్రారంభించింది. ఏ సందేహానికి ఎవరికి ఫోన్ చేయాలో వెతుక్కోకుండా రైతుకు ఒకే నెంబర్ ఇవ్వడమే దీని ప్రత్యేకత.

ఉల్లి, తివాచీలకూ ఇదే లెక్క

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌నే తీసుకోండి. కర్నూలు, మహారాష్ట్ర నుంచి వచ్చే ఉల్లికి పొద్దున ఒక రేటు, సాయంత్రం ఒక రేటు. ఫోన్‌లో చెప్పిన రేటు ఒకటి, బిల్లులో పడింది ఇంకొకటి అయితే గొడవే. కాల్, మెసేజ్ ఒకే రికార్డులో ఉంటే ఎవరు ఎప్పుడు ఏం చెప్పారో నిమిషంలో తేలిపోతుంది.

ఏలూరు తివాచీల సంగతీ అంతే. డిజైన్ ఈమెయిల్‌లో వస్తుంది. రంగు మార్పు ఫోన్‌లో చెబుతారు. ఆ మాట మగ్గం దాకా చేరకపోతే రోజుల తరబడి చేసిన పని వృథా అవుతుంది.

ఇంకో పెద్ద లాభం కూడా ఉంది. చాలా చోట్ల కస్టమర్ల నెంబర్లన్నీ గుమస్తా సొంత ఫోన్‌లోనే ఉంటాయి. ఆయన మానేస్తే ఏళ్ల పరిచయాలు కూడా ఆయనతోనే వెళ్లిపోతాయి. సంస్థ నెంబర్ ఉంటే మనిషి మారినా పరిచయాలు సంస్థ దగ్గరే ఉంటాయి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* నెట్ పోతే అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. కాబట్టి కాల్స్ మామూలు సిమ్‌కు మళ్లే ఏర్పాటు ఉందో లేదో ముందే అడగాలి.
* కాల్ రికార్డ్ చేస్తుంటే అవతలివారికి ఆ మాట చెప్పాలి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో ప్రత్యేక చట్టం వచ్చిన సంగతి మర్చిపోవద్దు.
* సంస్థ పేరుతో బల్క్ ఎస్ఎంఎస్‌లు పంపాలంటే ట్రాయ్ నిబంధనల ప్రకారం ముందుగా రిజిస్టర్ చేసుకోవాలి.
* చెరువు గట్టు మీద ఉండే మనిషికి కూడా అర్థమయ్యేలా, తెలుగులో ఉన్న సిస్టమ్‌నే ఎంచుకోవాలి.

మొదలు ఎక్కడ పెట్టాలి?

చిన్న వ్యాపారులు ఒకేసారి డబ్బు పెట్టాల్సిన పని లేదు. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే. అందులో ఒకే నెంబర్‌ను మరో నాలుగు పరికరాలకు లింక్ చేసుకోవచ్చు. అంతకంటే ముందు ఒక వారం పాటు ఎన్ని కాల్స్ మిస్సయ్యాయి, ఏ మాట ఎవరి దగ్గర ఆగిపోయింది, దానివల్ల ఎంత పోయింది అని ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు. సిస్టమ్ అవసరమా కాదా అన్నది ఆ లెక్కే చెప్పేస్తుంది. ఎందుకంటే రేటు పడిపోతే రేపటి దాకా ఆగొచ్చేమో గానీ, ఐస్ కరిగిపోతే చేప ఆగదు!