కర్చీఫ్ వేసిన సీటు!

ఆఫీసులో సాఫ్ట్‌వేర్ ఒకటే. లాగిన్లు అయిదు. వాడేవాళ్లు ఎనిమిది మంది. సర్దుకుపోదాం అనుకుంటే సరిపోతుందా? ఆ సర్దుబాటు ఎప్పుడో ఒకరోజు ఎవరి మెడకో చుట్టుకుంటుంది!

సాయంత్రం ఆరు గంటలు. విశాఖపట్నం మద్దిలపాలెంలో బస్సు ఇంకా పూర్తిగా ఆగనే లేదు. కిటికీలోంచి ఓ కర్చీఫ్ లోపల పడింది. దాని వెనకే ఓ పుస్తకాల సంచి. అంతే... సీటు రిజర్వయిపోయింది! కర్చీఫ్ సొంతదారు తాపీగా ఎక్కుతాడు. ఈలోగా ముందు ఎక్కినవాళ్లు నిలబడే ఉంటారు.

అదే రోడ్డు పక్కన మేడ మీది ఆఫీసులోకి తొంగిచూస్తే అక్కడా ఇదే కథ. కాకపోతే అక్కడ సీటు కనిపించదు.

'అన్నా, కాస్త లాగవుట్ అవ్వవా? జీతాల షీటు తియ్యాలి.'

'అయ్యో, భోజనానికి వచ్చేశానమ్మా. నా పాస్‌వర్డ్ తెలుసుగా, నువ్వే ఓపెన్ చేసేసుకో!'

ఆడిటింగ్ ఆఫీసు, కోచింగ్ సెంటర్, ట్రావెల్స్ కౌంటర్... ఎక్కడైనా రోజుకోసారి వినిపించే మాటే. వినడానికి ఎంత స్నేహంగా ఉందో కదూ! చిక్కంతా అక్కడే ఉంది.

సీటంటే కుర్చీ కాదు

ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ అంటే సీడీ. కొని కంప్యూటర్లో వేసుకుంటే పనైపోయేది. ఇప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లు ఎక్కడో సర్వర్లో ఉంటాయి. నెలకో, ఏడాదికో అద్దె కట్టి వాడుకోవాలి. ఆ అద్దె లెక్క మనిషికింత. ఆ లెక్కలో ఒక మనిషి వాటానే 'సీటు' అంటారు.

ఇందులో రెండు పద్ధతులున్నాయి. మొదటిది దూరప్రయాణం బస్సులో రిజర్వేషన్ లాంటిది. సీటు ఫలానా వ్యక్తి పేరు మీద ఉంటుంది. ఆయన సెలవు పెట్టినా సరే, ఆ సీటులో ఇంకొకరు కూర్చోకూడదు. రెండోది సిటీ బస్సు. ఒకరు దిగితే ఇంకొకరు కూర్చోవచ్చు. ఒకేసారి ఎంతమంది ఉన్నారన్నదే లెక్క. అయితే పని అయ్యాక లాగవుట్ కాకుండా టీకి వెళ్లిపోతే? అది కర్చీఫ్ వేసిన సీటే!

మన వ్యాపారులకు బాగా తెలిసిన ట్యాలీనే తీసుకోండి. 1986లో మొదలైన మన దేశపు సంస్థే దాన్ని తయారుచేసింది. అందులో సిల్వర్ లైసెన్సు ఒక్కరు వాడుకోవడానికి. గోల్డ్ తీసుకుంటే ఆఫీసు నెట్‌వర్క్‌లో ఎంతమందయినా ఒకేసారి పనిచేసుకోవచ్చు. ఏది కొనాలన్నది ఆఫీసులో మనుషుల సంఖ్యను బట్టి ఉండాలి. కానీ చాలాచోట్ల ధరను బట్టి ఉంటుంది. ముందు తక్కువలో కొనేస్తారు. మనుషులు పెరిగాక పాస్‌వర్డ్‌ను పంచుకోవడం మొదలవుతుంది.

తొలి దొంగ... పీహెచ్‌డీ విద్యార్థి!

ఈ గొడవ కొత్తదేం కాదు. 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో ఒక పెద్ద కంప్యూటర్‌ను చాలామంది పంచుకునేవారు. ఫెర్నాండో కోర్బాటో బృందం ఒక్కొక్కరికీ ఒక ఖాతా, ఒక పాస్‌వర్డ్ ఇచ్చింది. వాడుకునే సమయానికి రేషన్ పెట్టింది. అక్కడే పీహెచ్‌డీ చేస్తున్న అలన్ షేర్‌కు వారానికి నాలుగు గంటలు దక్కాయి. ఆయన పనికి అది చాల్లేదు. 1962లో ఓ ఉపాయం చేశాడు. అందరి పాస్‌వర్డ్‌లూ ఉన్న ఫైలును ప్రింటు తీయించుకుని, మిగతావాళ్ల సమయాన్ని వాడుకున్నాడు. ఈ సంగతి ఆయన చాలా ఏళ్ల తర్వాతగానీ బయటపెట్టలేదు.

పంచుకునే వస్తువు ఉన్నచోట పరిమితి ఉంటుంది. పరిమితి ఉన్నచోట పక్కవాడి ఖాతాపై కన్ను పడుతుంది. అరవై ఏళ్లుగా నడుస్తున్న కథే ఇది.

చేసిందెవరు?

ఒక చిన్న ఆఫీసును ఊహించుకుందాం. ముగ్గురు ఉద్యోగులు ఒకే లాగిన్ వాడుతున్నారు. అది ఓ అమ్మాయి పేరు మీద ఉంది. నెలాఖరున లెక్క చూస్తే నలభై వేల రూపాయల బిల్లు ఒకటి రద్దయి ఉంది. రద్దు చేసిందెవరు? కంప్యూటర్‌ను అడిగితే ఆ అమ్మాయి పేరే చెబుతుంది. ఆ రోజు ఆమె సెలవులో ఉన్నా సరే! 'నేను చేయలేదండీ' అంటే నమ్మేదెవరు? రుజువు చూపించేదెలా?

అందుకే ఒక్కొక్కరికీ విడి ఖాతా ఉండాలనేది. అది యజమానికి నిఘా అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఉద్యోగికే అది రక్ష. 'ఈ పని నేను చేశాను, ఆ పని నేను చేయలేదు' అని చెప్పే సాక్షి అదే. పాస్‌వర్డ్ ఇచ్చేస్తే ఆ సాక్షిని వదులుకున్నట్టే!

తాళాలు ఎక్కువైతే...

ఖాతాల నిర్వహణను తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో 2022లో హైదరాబాద్ చూసింది. ఆ జనవరిలో ఏపీ మహేష్ సహకార అర్బన్ బ్యాంకు సర్వర్లలోకి హ్యాకర్లు చొరబడి రూ.12 కోట్లకు పైగా కాజేశారు. ఉద్యోగులకు పంపిన దొంగ మెయిళ్లు వాళ్లకు దారి చూపాయి. అన్ని అధికారాలూ ఉండే 'సూపర్ యూజర్' ఖాతాలు అవసరానికి మించి ఉన్నాయనీ, వాటిలో కొన్నింటికి ఒకటే పాస్‌వర్డ్ ఉందనీ హైదరాబాద్ పోలీసుల దర్యాప్తులో తేలింది. ఇంటి తాళంచెవి పదిమంది దగ్గరుంటే ఆ ఇంటికి తాళం ఉన్నట్టా... లేనట్టా?

అమెరికాలో కథ ఇంకోలా జరిగింది. 2021 మేలో కలోనియల్ పైప్‌లైన్ సంస్థ కంప్యూటర్లు హ్యాకర్ల చేతిలో చిక్కాయి. తూర్పు తీరానికి పెట్రోలు, డీజిలు పంపే గొట్టాలు కొన్ని రోజులపాటు ఆగిపోయాయి. బంకుల ముందు బారులు తీరాయి. సంస్థ 75 బిట్‌కాయిన్లు, అంటే అప్పటి లెక్కన దాదాపు 44 లక్షల డాలర్లు ముట్టజెప్పింది. ఇంతకీ దొంగలు లోపలికి వచ్చిన దారేది? ఎవరూ వాడకుండా వదిలేసిన ఒక పాత లాగిన్. వాడటం మానేశారు, మూసేయడం మరిచారు!

మన దగ్గర ఉద్యోగి మానేసినప్పుడు ఐడీ కార్డు తీసుకుంటారు, బీరువా తాళాలు లెక్కపెట్టుకుంటారు. లాగిన్ సంగతి ఎంతమందికి గుర్తొస్తుంది?

ఓటీపీ ఎవరి ఫోన్‌కి?

చిన్న వ్యాపారులకు మరో తంటా ఉంది. జీఎస్టీ వచ్చిన కొత్తలో చాలామంది రిజిస్ట్రేషన్ పనిని మధ్యవర్తులకు అప్పగించారు. వాళ్లు తమ ఫోన్ నంబరూ, తమ మెయిలూ ఇచ్చేశారు. తర్వాత కొందరు ఆ వివరాలు ఇవ్వమన్నారు. వ్యాపారం ఒకరిది, తాళంచెవి ఇంకొకరిది! ఫిర్యాదులు రావడంతో 2018లో కేంద్ర ఆర్థిక శాఖ దీనికో దారి చూపింది. తమ పరిధిలోని పన్ను అధికారి దగ్గరకు పత్రాలతో వెళ్లి మెయిలూ, ఫోన్ నంబరూ మార్పించుకోవచ్చని చెప్పింది.

ఇంట్లోనూ ఇదే పాఠం. మనవడు తన నంబరుతో తాతగారికి ఖాతా తెరిచి పెడతాడు. ఆ తర్వాత ఉద్యోగమంటూ బెంగళూరు వెళ్లిపోతాడు. ఓటీపీ కావాల్సినప్పుడల్లా తాతగారు ఫోన్ పట్టుకుని మనవడి కోసం వేచి చూడాల్సిందే. సినిమాల యాప్‌లదీ అదే తీరు. చుట్టాలందరూ ఒకే పాస్‌వర్డ్‌తో చూసే అలవాటుకు నెట్‌ఫ్లిక్స్ 2023 జులైలో మన దేశంలో అడ్డుకట్ట వేసింది. ఖాతా ఒక ఇంటివాళ్లకే అంది.

సీట్లు లెక్కపెట్టకుండా...

మద్దిలపాలెం పక్కనే ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. అలాంటి విద్యాసంస్థల్లో పరిశోధన పత్రికలు ఖరీదైన వ్యవహారం. చందా కట్టిన క్యాంపస్‌లో వాళ్లకే చదివే వీలుండేది. చందా లేనిచోట, పెద్ద సంస్థలో చదివే స్నేహితుణ్ని బతిమాలుకోవాల్సిందే. 2024 నవంబరులో కేంద్రం 'ఒకే దేశం - ఒకే చందా' పథకానికి ఆమోదం తెలిపింది. మూడేళ్లకు రూ.6,000 కోట్లు కేటాయించింది. దాదాపు 13,000 పత్రికల్ని 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుబాటులోకి తేవాలన్నది లక్ష్యం. అందరికీ సరిపడా సీట్లు ముందే కొనేస్తే, పాస్‌వర్డ్ అరువడగాల్సిన పనేముంది?

అంత డబ్బు పెట్టలేని చిన్న ఆఫీసులకూ దారులున్నాయి. లిబ్రే ఆఫీస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లకు సీట్ల లెక్కే లేదు. ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు. పది మందిలో ఇద్దరికే ఖరీదైన సాఫ్ట్‌వేర్ అవసరమైతే ఆ ఇద్దరికే కొని, మిగతావాళ్లకు ఇది ఇస్తే సరి.

ఇలా చేసి చూడండి

* నెలకోసారి ఖాతాల జాబితా తీయండి. ఎవరెవరికి ఉన్నాయి, ఎవరు వాడటం లేదు చూసుకోండి. మూలనపడ్డ సీటు ఖాళీ చేయిస్తే కొత్తది కొనే ఖర్చు తప్పొచ్చు.

* మనిషి మానేసిన రోజే లాగిన్ ఆపేయండి. ఫైళ్లను ముందుగా వేరొకరికి అప్పగించాకే ఖాతాను తీసేయాలి. లేదంటే పనంతా పోతుంది.

* అన్ని అధికారాలూ ఉండే ఖాతా ఇద్దరికి ఉంటే చాలు. ఒక్కరికే ఉంటే, ఆ ఒక్కరూ అందుబాటులో లేని రోజున ఆఫీసు ఆగిపోతుంది.

* ఓటీపీ వచ్చే నంబరు, మెయిలు యజమానివీ లేదా సంస్థవీ అయ్యుండాలి.

* మరొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

మళ్లీ మద్దిలపాలెం బస్సు దగ్గరికి వద్దాం. కర్చీఫ్ వేసిన సీటు గురించి గొడవ పడితే, కండక్టరు వచ్చి ఎవర్నో ఒకర్ని లేపుతాడు. తర్వాతి స్టాపులో అందరూ మరిచిపోతారు. లాగిన్ అలా కాదు. మన పేరు మీద ఎవరు కూర్చుని ఏం చేసినా, టిక్కెట్టు మన పేరు మీదే ఉంటుంది. అందుకే లేచేటప్పుడు కర్చీఫ్ తీసేసుకోవాలి. లాగవుట్ నొక్కడానికి పట్టేది ఒక్క క్షణమే!