స్టెప్నీ లేని కారు.. దబ్బనం దిగిన టైరు!

హైదరాబాద్: కోటి రూపాయలు దాటిన కారుకు గోనె సంచులు కుట్టే దబ్బనం గుచ్చుకుంటే ఏమవుతుంది? ఇటీవల ఒక ఆదివారం తెల్లవారుజామున ఉస్మాన్‌గంజ్‌లో ఈ విలేకరి కళ్లారా చూడటం జరిగింది.

మొజంజాహి మార్కెట్‌కు, అఫ్జల్‌గంజ్‌కు నడుమ, బేగంబజారును ఆనుకొని ఉన్నది ఉస్మాన్‌గంజ్. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద వెలసిన బజారు ఇది. వికారాబాద్, పరిగి వైపు కిరాణా కొట్ల వారు ఇప్పటికీ సరుకు కోసం ఈ చుట్టుపక్కల హోల్‌సేల్ దుకాణాలకే వస్తారు. లారీలు, డి.సి.ఎం. వ్యానులు, ట్రాలీ ఆటోలు, తోపుడు బండ్లు ఒకదానినొకటి రాసుకుంటూ సాగుతుంటాయి. చెక్క పెట్టెలు పగలగొట్టగా రాలిన మేకులు, బేళ్లకు చుట్టిన ఇనుప పట్టీ ముక్కలు, చేజారిన దబ్బనాలు నేల మీద పడి ఉంటాయి. అందుచేత ఇక్కడ పంక్చరు వేసేవారికి పనికి కరువు లేదు.

ఇక ఆదివారం తెల్లవారుజామున మొజంజాహి మార్కెట్ దగ్గర దృశ్యమే వేరు. 1935లో కట్టిన ఈ రాతి మార్కెట్‌కు మరమ్మతులు చేసి 2020 ఆగస్టులో తిరిగి తెరిచిన తర్వాత అందం చూడటానికి వచ్చేవారు ఎక్కువయ్యారు. ఖాళీ రోడ్డు దొరుకుతుందని ఖరీదైన కార్లు తోలే కుర్రకారు కూడా చాయ్ నెపంతో ఇటు వస్తుంటారు. అలా వచ్చిన ఒక జర్మనీ కారు దారి తప్పి గంజ్ సందులోకి తిరిగింది. రెండే తలుపులు. నేలను తాకుతున్నదా అన్నంత కిందికి ఉన్నది. ఇంజను వెనుక, డిక్కీ ముందు. ఎడమవైపు వెనుక టైరులో గాలి తగ్గుతున్నదని అద్దం కింద దీపం వెలగడంతో కుర్రవాడు బండి ఆపాడు. అప్పటికే టైరు సగం కూర్చుంది.

ఆ సమయానికి తెరిచి ఉన్న పంక్చరు దుకాణం ఒక్కటే. అందులో యాభై ఏళ్లు దాటిన మెకానిక్కు ఒక డి.సి.ఎం. వ్యాను టైరు విప్పుతున్నాడు. పాలమూరు జిల్లా నుంచి చిన్నతనంలోనే వచ్చి ఈ పనిలో స్థిరపడ్డాడు. పేరు రాయవద్దని కోరాడు.

"స్టెప్నీ తీయండి సార్, ఐదు నిమిషాల్ల ఎక్కిస్త" అన్నాడు మెకానిక్కు.

"దీనికి స్టెప్నీ ఉండదన్నా" అన్నాడు కుర్రవాడు.

చుట్టూ చేరిన హమాలీలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. బస్తాలు మోసే తోపుడు బండి తప్ప, స్టెప్నీ లేని బండిని వారు ఎన్నడూ చూసి ఉండరు.

వేల్స్ నుంచి వచ్చిన మాట

ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవాలి. స్టెప్నీ అనేది మనం రోజూ వాడే మాట గానీ, అది ఒక వీధి పేరన్న సంగతి చాలామందికి తెలియదు. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో లనెల్లీ అనే ఊరు ఉన్నది. అక్కడి స్టెప్నీ వీధిలో డేవీస్ సోదరులు 1904లో ఒక అదనపు చక్రం తయారు చేశారు. ఆ రోజుల్లో కార్లకు అదనపు చక్రం ఇచ్చే పద్ధతి లేదు. పంక్చరు పడితే రోడ్డు పక్కన కూర్చుని టైరు విప్పి, ట్యూబు తీసి, ప్యాచి వేసుకోవలసిందే. డేవీస్ సోదరులు ముందే గాలి నింపిన టైరున్న రింగును పంక్చరైన చక్రం పక్కనే బిగించే ఏర్పాటు చేశారు. ఆ వీధి పేరు మన దేశంలో స్థిరపడిపోయింది.

ఇప్పుడు చక్రం తిరిగి మొదటికి వచ్చినట్లున్నది. స్థలం, బరువు తగ్గించుకోవడానికి స్పోర్ట్స్ కార్లలో స్టెప్నీ తీసివేశారు. బదులుగా ఒక సీసాలో తెల్లని ద్రవం, చిన్న గాలి పంపు ఇస్తారు. మన దేశంలోనూ 2020 జూలైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే తెలిపే పరికరం, టైరు బాగు చేసే కిట్టు ఉన్న చిన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. సీసాలోని ద్రవాన్ని వాల్వు గుండా ఎక్కించి గాలి కొడితే చిన్న రంధ్రం పూడుకుంటుంది. నెమ్మదిగా షాపు దాకా వెళ్లవచ్చు. అయితే రంధ్రం నేలను తాకే భాగం మధ్యలో ఉండాలి. పక్క గోడలో ఉంటే సీసా ఖాళీ అవుతుందే గానీ ప్రయోజనం సున్న.

కుర్రవాడు సీసా మూత తీయబోయాడు. మెకానిక్కు చేయి అడ్డం పెట్టాడు. "ఆగండి సార్. ఏడ గుచ్చుకున్నదో చూడనియ్యరి ముందుగాల."

చూడాలంటే జాకీ పెట్టాలి. జాకీ కిందికి దూరలేదు! ఒక హమాలీ పగిలిన పెట్టె పలకలు నాలుగు తెచ్చి వేయగా, కారును జానెడు ముందుకు నెట్టి పలకల మీదికి ఎక్కించారు. అప్పుడు సందు దొరికింది. జాకీ ఎక్కడ పడితే అక్కడ పెడితే కింది రేకు లోపలికి పోతుంది. కంపెనీ వారు గుర్తు పెట్టిన చోటనే పెట్టాలి. మెకానిక్కు సెల్‌ఫోన్ లైటు వేసి, నేల మీద పడుకొని ఆ గుర్తు వెతికాడు. మిగతా చక్రాలకు రాళ్లు పెట్టాడు. బండి నేల మీద ఉండగానే బోల్టులు కొద్దిగా వదులు చేశాడు. లేచిన తర్వాత పానాతో బలం చేస్తే జాకీ జారుతుందన్నది ఈ వృత్తిలో మొదటి పాఠం.

నాలుగు బోల్టులు కదిలాయి. ఐదవది కదలలేదు. అది తాళం బోల్టు. దొంగలు చక్రం విప్పుకుపోకుండా ఒక్కో చక్రానికి ఒక్కో బోల్టు తల వేరుగా చేస్తారు. దానికి సరిపడే ముక్క లేకుంటే ఎంతటి మెకానిక్కు అయినా చేతులు ముడుచుకొని కూర్చోవలసిందే. ఆ ముక్క ఎక్కడున్నదో యజమానికి తెలియదు. పావుగంట వెతికితే ముందు డిక్కీలో సీసా పక్కన గుడ్డ సంచిలో దొరికింది. కారు ఉన్నవారు ఎవరైనా సరే, ఆ ముక్క ఎక్కడున్నదీ ఇవాళే చూసుకోవడం మంచిది.

గోడలోకి దిగిన దబ్బనం

చక్రం బయటికి వచ్చింది. టైరు మీద 305/30 జడ్ఆర్ 21 అని రాసి ఉన్నది. అంటే వెడల్పు 305 మిల్లీమీటర్లు. పక్క గోడ ఎత్తు అందులో నూటికి ముప్పై వంతు, సుమారు 91 మిల్లీమీటర్లు. 1983 చివర రోడ్డెక్కిన మారుతీ 800 టైరు 145/70 ఆర్ 12. దాని గోడ 101 మిల్లీమీటర్లు! వెడల్పు రెట్టింపు మించి ఉన్నా గోడ మాత్రం మారుతీ కంటే పొట్టి అన్నమాట. గాలి తగ్గితే ఆ పొట్టి గోడ డిస్కుకు, రోడ్డుకు మధ్య నలిగిపోతుంది. టైరు మీద చివర వై అనే అక్షరం ఉన్నది. గంటకు 300 కిలోమీటర్ల వేగాన్ని ఓర్చుకోగలదని దాని అర్థం.

దబ్బనం కన్ను మాత్రమే బయటికి కనిపిస్తున్నది. మిగతాదంతా టైరు భుజం దగ్గర ఏటవాలుగా గోడలోకి దిగింది. మెకానిక్కు టైరును తిప్పి లోపలి వైపు తడిమాడు. గాలి లేకుండా నడిచిన చోట రబ్బరు రాసుకున్న గీత వేలికి తగిలింది.

"ఇది అయ్యేది కాదు సార్" అన్నాడు.

నడి భాగంలో మేకు దిగితే ఇతనికి అది రెండు నిమిషాల పని. మేకు పీకి, సూది ఆకురాయితో రంధ్రం గీకి, సొల్యూషన్ పూసిన రబ్బరు దారం దూర్చి కోసివేస్తాడు. లోపలి నుంచి గొడుగు ప్యాచి వేస్తే ఇంకా మంచిది. కానీ గోడ అలా కాదు. నడి భాగంలో ఉక్కు తీగల పొరలు ఉంటాయి, గోడలో అవి ఉండవు. చక్రం తిరిగిన ప్రతిసారీ గోడ వంగి లేస్తుంది. ఎంత గట్టిగా దూర్చిన దారమైనా కదిలి కదిలి వదులవుతుంది. వేగం మీద ఉండగా అది ఊడితే ఏమవుతుందో చెప్పనక్కర లేదు.

కుర్రవాడు బతిమాలాడు. కొత్త టైరు యాభై వేల పైనే అవుతుందని, వెనుక రెండూ జతగా మార్చాలంటారని వాపోయాడు. దారం దూర్చి పంపితే రెండు వేలు ఇస్తానన్నాడు. పొద్దున్నుంచి బోణీ కాని మనిషి అతడు.

"మీరు మెల్లగ పోత అంటరు. రింగు రోడ్డు ఎక్కినంక కాలు ఊకుంటదా సార్? నేనైతే చెయ్య."

ఇంత పట్టుదల ఎందుకని ఈ విలేకరి తర్వాత అడగగా, అతను లారీ టైర్ల సంగతి చెప్పాడు. లారీ డిస్కుకు టైరును పట్టి ఉంచే ఇనుప రింగు ఒకటి ఉంటుంది. వందకు పైగా పౌండ్ల గాలి ఎక్కుతున్నప్పుడు ఆ రింగు సరిగ్గా కూర్చోకపోతే తుపాకి గుండులా లేస్తుంది. పని నేర్పిన ఉస్తాదుకు అలాగే దవడ పగిలిందట. అక్కడికి దగ్గరలోనే ఉన్న ఉస్మానియా ఆసుపత్రికి ఇతనే మోసుకెళ్లాడు. ఉస్తాదు బతికాడు గానీ మళ్లీ టైరు ముట్టలేదు. "కూసుంటదిలే అని అన్నందుకే అట్లయింది" అన్నాడు.

చివరకు కుర్రవాడు ఫోను చేసి కార్లను ఎక్కించుకుపోయే లారీని పిలిపించాడు. మెకానిక్కు దబ్బనం కదపకుండానే చక్రం తిరిగి బిగించి, ఉన్నంతలో గాలి కొట్టాడు. బోల్టులను ఎదురెదురుగా, ఒకదాని తర్వాత ఒకటి బిగించాడు. వరుసగా బిగిస్తే చక్రం ఒక పక్కకు కూర్చుంటుందట. లారీ వచ్చిన తర్వాత కారు ముక్కు వాలు పలకకు తగులుతుంటే మళ్లీ ఆ పెట్టె పలకలే అక్కరకు వచ్చాయి.

విప్పి బిగించినందుకు రెండు వందలు తీసుకున్నాడు. ఈ గంజ్‌లో దుకాణం ముందు ఒక్కొక్క డబ్బా పెట్టి మేకులు, దబ్బనాలు అందులో వేస్తే చాలా బండ్లు బతుకుతాయని ఈ విలేకరితో చెప్పాడు. అతని బేరం తగ్గదా అంటే నవ్వి ఊరుకున్నాడు.

"మా దబ్బనం ఇచ్చి పొమ్మను" అని ఒక హమాలీ కేక వేసే సరికి లారీ సందు మలుపు తిరిగింది. డి.సి.ఎం. డ్రైవరు అప్పటికే రెండుసార్లు హారన్ కొట్టాడు. మెకానిక్కు వ్యాను టైరును గోడ వైపు తిప్పి పడుకోబెట్టి, రింగు మీద అడ్డంగా గడ్డపార దూర్చి, తాను పక్కకు జరిగి కంప్రెసర్ గాలి వదిలాడు.