పోయిందనుకున్నది పోలేదు!

బళ్లారి పేరు చెప్పగానే తెలుగువారికి ముందుగా గుర్తుకు వచ్చేది రాఘవ గారు. 1880లో పుట్టి 1946లో కన్నుమూసిన ఆ మహానటుడి పేరు మీద మన ఊళ్లో కళామందిరం ఉంది. 'రైతుబిడ్డ' (1939) వంటి కొద్ది సినిమాల్లో ఆయన నటించారు గాని, ఆయన కీర్తి అంతా రంగస్థలం మీద సంపాదించినదే. తెర పడగానే ఆ నటన గాలిలో కలిసిపోయేది. చూసినవారు చెప్పగా విన్నవారు, విన్నవారు చెప్పగా మనం!

ఈనాడు పరిస్థితి వేరు. అమ్మమ్మ పాడిన మంగళహారతి, తాతగారు మనవళ్లను కూర్చోబెట్టుకుని చెప్పిన కథ, అక్క పెళ్లి వీడియో, అన్నీ ఇంట్లోనే ఏదో ఒక ఫోనులోనో కంప్యూటరులోనో ఉంటున్నాయి. మనవంటి కుటుంబాలకు ఇవి కేవలం జ్ఞాపకాలు కావు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్లాయి. మనం ఇటు మైసూరు రాష్ట్రంలో ఉండిపోయాం. మన పిల్లలు బడిలో కన్నడం, ఇంగ్లీషు నేర్చుకుంటారు. చాలా ఇళ్లలో వారికి తెలుగు అందేది పెద్దల నోటినుండే. ఆ పెద్దలు కాలం చేశాక వారి గొంతు మిగిలేది ఆ చిన్న యంత్రంలోనే. ఒకరోజు ఫోను నీళ్లలో పడుతుంది, లేదా హార్డ్ డిస్కు 'టిక్ టిక్' మని ఆగిపోతుంది. అప్పుడు ఏం చేయాలి?

పాడైన డిస్కులనుండి, ఫోన్లనుండి సమాచారాన్ని వెనక్కి రాబట్టే నిపుణులు ఉన్నారు. బెంగళూరు, హైదరాబాదు వంటి నగరాల్లో ఇందుకోసం ప్రత్యేక ప్రయోగశాలలు ఉన్నాయి. వారి పనిని కొంచెం తెలుసుకుంటే ఒక సంగతి స్పష్టమవుతుంది. సమాచారాన్ని శాశ్వతంగా పోగొట్టేది చాలాసార్లు ప్రమాదం కాదు, ప్రమాదం జరిగాక మనం పడే తొందర.

చెరిపినది ఎక్కడికి పోతుంది?

గ్రంథాలయంలో ఒక పుస్తకం కేటలాగు కార్డును చించేశామనుకోండి. పుస్తకం బీరువాలోనే ఉంటుంది, ఏ అరలో ఉందో చెప్పే కార్డు మాత్రం ఉండదు. కంప్యూటరు హార్డ్ డిస్కులో ఒక ఫైలును చెరిపినప్పుడు జరిగేది ఇంచుమించు ఇదే. ఆ ఫైలు ఎక్కడున్నదో చెప్పే సూచికను తీసివేసి, 'ఈ స్థలం ఖాళీ' అని కంప్యూటరు రాసుకుంటుంది. అసలు ఫొటో అక్కడే ఉంటుంది. మరొక ఫైలు వచ్చి ఆ స్థలం మీద కూర్చున్నప్పుడే అది నిజంగా పోతుంది.

నిపుణులు ఈ లోపలే డిస్కునంతా మొదటినుండి చివరిదాకా వరుసగా చదువుతారు. ప్రతి రకం ఫైలుకూ ఒక గుర్తు ఉంటుంది. జేపెగ్ ఫొటోలన్నీ ఒకే రకమైన బైట్లతో మొదలై, ఒకే రకమైన బైట్లతో ముగుస్తాయి. సూచిక లేకపోయినా ఆ ఆద్యంతాలను పట్టుకుని ఫొటోను బయటికి తీయవచ్చు. ఫైలు పేరు, తేదీ పోవచ్చు గాని బొమ్మ దక్కుతుంది. అందుకే ఏదైనా పొరపాటున చెరిగిపోతే వెంటనే ఆ కంప్యూటరు వాడకం ఆపమంటారు. పోయిన ఫొటోలను వెతకడానికని అదే డిస్కులోకి కొత్త ప్రోగ్రాము ఎక్కించడమంటే, వెతుకుతున్న వస్తువు మీదే మంచం వేసుకోవడం వంటిది.

పద్యానికి యతిప్రాసలు, డిస్కుకు లెక్కలు

కడపకు 1820లో వచ్చిన సి.పి. బ్రౌన్ దొరగారి కథ అందరికీ తెలిసినదే. మూలనపడి శిథిలమవుతున్న తెలుగు గ్రంథాల ప్రతులను ఆయన సేకరించి, పండితులను నియమించి, ఒకదానితో ఒకటి సరిపోల్చి శుద్ధప్రతులు రాయించారు. 1829లో వేమన పద్యాలను అచ్చువేయించారు. ఒక ప్రతిలో పోయిన అక్షరం మరొక ప్రతిలో దొరికేది.

ఒకే ప్రతి ఉన్నా పద్యంలో మరొక ఆధారం ఉన్నది. ఉత్పలమాల నాలుగో పాదంలో రెండో అక్షరాన్ని పురుగు తినేసిందనుకోండి. మిగిలిన మూడు పాదాల ప్రాసను చూస్తే ఆ హల్లు ఏదో తెలిసిపోతుంది. పదో అక్షరం పోతే పాదం మొదటి అక్షరంతో యతి కుదరాలి కనుక వెతకవలసిన పరిధి తగ్గుతుంది. గురులఘువులు మరికొంత చెబుతాయి. చదివేవాడికి అందం అనిపించే నియమాలే పోయిన అక్షరాన్ని కనిపెట్టే సాధనాలు కూడా అవుతాయి.

హార్డ్ డిస్కు తయారుచేసినవారు చేసినదీ ఇదే. నేటి డిస్కుల్లో సాధారణంగా ప్రతి 4096 బైట్ల గడికీ సుమారు 100 బైట్లు అదనంగా రాస్తారు. అవి మన ఫొటోలో భాగం కాదు. మిగిలిన బైట్లమీద గణితంతో కట్టిన లెక్క మాత్రమే. కొన్ని అక్షరాలు చెడినా ఆ లెక్కనుబట్టి అవి ఏమై ఉండాలో డిస్కు తనంతట తానే కట్టుకుంటుంది. నష్టం ఒక హద్దు దాటితేనే 'చదవలేను' అంటుంది.

డిస్కు లోపల

హార్డ్ డిస్కు మూత కింద అద్దంలా మెరిసే పళ్లేలు ఉంటాయి. నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరిగే ఆ పళ్లేల మీద అయస్కాంత రూపంలో రాత ఉంటుంది. దానిని చదివే హెడ్డు పళ్లేన్ని తాకదు. కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. మన తలవెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు! సండూరు గనుల దారిలో ఎగిరే ఎర్రధూళి రేణువు ఆ సందుకు వెయ్యి రెట్లు పెద్దది కావచ్చు. డిస్కు కిందపడితే హెడ్డు పళ్లేనికి తగిలి గీరుతుంది. గీరిన చోట రాలిన పొడి మరిన్ని గీతలు గీస్తుంది. గోరుచుట్టుపై రోకటిపోటన్నమాట.

అందువల్ల నిపుణులు డిస్కును మామూలు గదిలో విప్పరు. ఒక ఘనపుటడుగు గాలిలో అర మైక్రాను, అంతకు మించిన రేణువులు వందకు మించకుండా శుద్ధిచేసిన చోట విప్పుతారు. హెడ్డు పాడైతే అదే కంపెనీ, అదే నమూనా డిస్కు మరొకటి సంపాదించి, దాని హెడ్డును తీసి దీనికి అమరుస్తారు. సర్క్యూటు పలక కాలిపోతే ఒక పలక తీసి మరొకటి బిగిస్తే చాలదు. ఆ డిస్కు కొలతలను దాచుకున్న చిన్న చిప్పును కూడా పాత పలకనుండి కొత్తదానికి మార్చాలి. ఇలా బతికించిన డిస్కు కొద్ది గంటలే పనిచేయవచ్చు. కనుక మొదటి పని దానినంతా మరొక మంచి డిస్కులోకి నకలు తీయడం. తేలికగా వచ్చే భాగాలు ముందు, మొరాయించేవి చివర. ఆ తరువాత వెతుకులాట అంతా నకలు మీదనే. అసలు ప్రతి మీద ఒక్క అక్షరం కూడా రాయరు.

ఆకాశం నుండి పడిన డిస్కు

ఈ విద్య ఎంతవరకు వెళ్లగలదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక భూమికి తిరిగివస్తూ ఆకాశంలోనే ముక్కలైంది. మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు ప్రాణాలు కోల్పోయారు. ఆ నౌకలో జినాన్ వాయువు మీద జరిపిన ఒక ప్రయోగం వివరాలు హార్డ్ డిస్కులో ఉన్నాయి. కొంత సమాచారం ముందే భూమికి అందినా, చాలా భాగం ఆ డిస్కులోనే మిగిలింది. శకలాల గాలింపులో, ప్రమాదం జరిగిన కొన్ని నెలలకు, టెక్సాస్‌లో ఎండిపోయిన సరస్సు అడుగున అది దొరికింది. చూస్తే కరిగి మాడిపోయిన లోహపు ముద్ద!

అమెరికాలోని క్రోల్ ఆన్‌ట్రాక్ సంస్థ నిపుణులు దానిని విప్పారు. లోపలికి దుమ్ము చేరినా, అదృష్టవశాత్తూ సమాచారం రాసిన భాగం చెక్కుచెదరలేదు. పళ్లేలను ద్రావణంతో శుభ్రంచేసి కొత్త డిస్కులో అమర్చగా దాదాపు 99 శాతం సమాచారం తిరిగివచ్చింది. ఆ ప్రయోగ ఫలితాలు 2008లో శాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి. అయితే అదే నౌకకు చెందిన మరి రెండు డిస్కులనుండి ఏమీ రాలేదు. మనిషి నేర్పుతో పాటు, మిగిలిన రాత ఎంత ఉన్నదన్నదీ ముఖ్యమే.

ఫోను సంగతి వేరు

ఫోనులో తిరిగే పళ్లేలు ఉండవు. అంతా చిప్పులోనే. కనుక కిందపడినా, అద్దం పగిలినా లోపలి ఫొటోలు సాధారణంగా క్షేమమే. ఒకప్పుడు ఫోను పూర్తిగా చచ్చినా ఆ చిప్పును వేడిచేసి ఊడదీసి నేరుగా చదివేవారు. ఇప్పటి ఫోన్లలో ఆ పద్ధతి సాగదు. లోపలి సమాచారమంతా తాళంవేసి గుప్తంగా ఉంటుంది, తాళంచెవి అదే ఫోను ప్రాసెసరులో ఉంటుంది, దానికి తోడు యజమాని పెట్టుకున్న అంకెలు కావాలి. చిప్పు ఒక్కటే తీస్తే చేతికి వచ్చేది అర్థంలేని అక్షరాల కుప్ప.

అందువల్ల నిపుణులు ఫోనును మళ్లీ వాడుకునేలా బాగుచేయాలని చూడరు. ఒక్కసారి కళ్లు తెరిపించి, ఉన్నదంతా నకలు తీసుకోవాలని చూస్తారు. సూక్ష్మదర్శిని కింద పలకను పరీక్షించి, తుప్పును కడిగి, షార్టయిన భాగాన్ని మారుస్తారు. పెద్దల ఫోన్ల తాళం అంకెలు ఇంట్లో మరొకరికి కూడా తెలిసి ఉండాలనేది ఇందుకే. పెద్దాయన పోయాక ఆ అంకెలు ఎవరికీ తెలియకపోతే ఫోను చెక్కుచెదరకపోయినా ప్రయోజనం ఉండదు.

మరొక తేడా కూడా గమనించాలి. హార్డ్ డిస్కులో చెరిపినది చాలాకాలం దాగి ఉండవచ్చు. ఫోన్లలోను, కొత్త ల్యాప్‌టాప్‌లలోని ఎస్ఎస్‌డీలలోను ఖాళీ అని చెప్పిన స్థలాన్ని యంత్రం తానే శుభ్రం చేసుకుంటుంది. 'చెరిపినవి' అనే పెట్టెలో సాధారణంగా ఓ నెల రోజులు ఉంటాయి. అక్కడినుండి కూడా పోతే దొరకడం కష్టం. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే తాళంచెవే నాశనమవుతుంది. 'ఏదైనా తెచ్చిస్తాం' అనేవారి మాట అప్పుడు నమ్మకండి.

ఇంట్లో పాటించవలసినవి

1. ఫోను నీళ్లలో పడితే వెంటనే ఆపేయండి, ఛార్జింగు పెట్టకండి. తడిలో విద్యుత్తు పారితే పలక తుప్పుపట్టి కాలుతుంది. బియ్యం డబ్బాలో పూడ్చడం వల్ల మేలు లేదు, పొడి లోపలికి పోతుంది.

2. 2009 అక్టోబరు తొలి రోజుల్లో తుంగభద్ర పొంగి మంత్రాలయం, కర్నూలు మునిగిన వరద మనకు గుర్తే. అటువంటి సమయంలో తడిసిన హార్డ్ డిస్కును మన బళ్లారి ఎండలో ఆరబెట్టకండి. నీరు ఆరి బురద పళ్లేలకు అంటుకుంటుంది. తడిగానే ప్లాస్టిక్ సంచిలో మూసి నిపుణులకు పంపండి.

3. డిస్కు టిక్కుటిక్కుమన్నా, కీచుమన్నా కరెంటు తీసేయండి. ఇంకొక్కసారి చూద్దామని పదిసార్లు వెలిగించకండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, లోపల చెమ్మ చేరుతుంది. మూత అసలు విప్పకండి.

4. మరమ్మతు వేరు, సమాచారం రాబట్టడం వేరు. మొబైల్ షాపులో ఇచ్చేటప్పుడే 'ఫోను పోయినా ఫరవాలేదు, ఫొటోలు కావాలి' అని చెప్పండి. రీసెట్ చేయడానికి ఒప్పుకోకండి.

5. ప్రయోగశాలకు ఇచ్చే ముందు పరీక్షకు ఎంత, ఫలితం రాకపోతే ఎంత, మన సమాచారాన్ని తరువాత ఏం చేస్తారు అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి.

6. అన్నిటికంటే ముఖ్యం రెండో ప్రతి. బ్రౌన్ దొరగారికి గ్రంథాలు దక్కడానికి కారణం ఎవరో ఒకరు నకలు రాసి ఉంచడమే. ఇంట్లో ఒక ప్రతి, క్లౌడ్‌లోనో మరొక ఊళ్లోని బంధువుల ఇంట్లోనో ఒక ప్రతి ఉండాలి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లు కాకుండా ఈ పండుగ సెలవుల్లో ఒక పూట కేటాయించండి. అమ్మమ్మ పాటలు, నాన్నగారి మాటలు ఏ ఫోనులో ఉన్నాయో చూసి, ఎవరి గొంతో, ఏ ఊరో, ఏ సంవత్సరమో పేరు పెట్టి రెండు చోట్ల దాచండి. ఆ పని పిల్లలకే అప్పగించండి. యంత్రం సంగతి వారికి బాగా తెలుసు, పాట సంగతి మీరు చెప్పవచ్చు. ఆ పూట వారి చెవిన పడే తెలుగు అదనపు లాభం.