మూడు కంపెనీల కవచ్

రామగుండంలో బొగ్గు మోసే రైళ్లు రెండు రకాలు. ఒకటి ఎన్టీపీసీ సొంత లైను మీద సింగరేణి గనులకూ విద్యుత్ కేంద్రానికీ మధ్య తిరిగే మెర్రీ-గో-రౌండ్ బండి. పట్టాలు, ఇంజన్లు, వ్యాగన్లు అన్నీ ఒకే సంస్థవి కాబట్టి అక్కడ ఏ కంపెనీ పరికరం బిగించినా పేచీ లేదు. రెండోది కాజీపేట–బల్లార్షా మెయిన్ లైను ఎక్కే ర్యాకు. దాని ఇంజను ఏ షెడ్డు నుంచి వస్తుందో, ఎన్ని డివిజన్లు దాటిపోతుందో చెప్పలేం. అలాంటి ఇంజన్లో ఒక కంపెనీ కంప్యూటరు, వచ్చే స్టేషన్లో మరో కంపెనీ కంప్యూటరు ఉంటే రెంటికీ మాట కలుస్తుందా? రైళ్లు ఢీకొనకుండా ఆపే ‘కవచ్’ను తయారుచేసినవాళ్లు తేల్చుకోవాల్సి వచ్చిన ప్రశ్న ఇదే.

బొమ్మ రైళ్ల అభిమానులకు ఈ చిక్కు బాగా తెలుసు. జర్మనీలోని లెంజ్ సంస్థ 1980లలో రూపొందించిన డిజిటల్ నియంత్రణ పద్ధతిని అమెరికాలోని మోడల్ రైళ్ల సంఘం 1990లలో డీసీసీ పేరుతో ప్రమాణం చేసింది. పట్టాల్లో కరెంటు దిశ అటూ ఇటూ మారుతుంటుంది. ఒక్కో వైపు 58 మైక్రోసెకన్లు నిలిస్తే అది ‘ఒకటి’, 100 నిలిస్తే ‘సున్నా’. ఇంజన్లోని డీకోడరు ఏ బ్రాండుదైనా దీన్ని చదివేస్తుంది. అయితే చేతిలోని కంట్రోలరుకూ, పట్టాల్లోకి సంకేతం పంపే కమాండ్ స్టేషనుకూ మధ్య తీగకు అలాంటి ప్రమాణం కుదరలేదు. ఒక్కో తయారీ కంపెనీది ఒక్కో పద్ధతి. డిజిట్రాక్స్‌ది లోకోనెట్, లెంజ్‌ది ఎక్స్‌ప్రెస్‌నెట్. ఒకరి కంట్రోలరును రెండో వారి కమాండ్ స్టేషనుకు నేరుగా తగిలిస్తే పలకదు. ఒప్పందం ఎక్కడిదాకా రాసుకున్నారో బ్రాండ్లు అక్కడిదాకానే కలుస్తాయి.

కవచ్‌కు ముందు మన దగ్గర కొంకణ్ రైల్వే ఆలోచన నుంచి పుట్టిన యాంటీ కొలిజన్ డివైస్ ఉండేది. తయారుచేసింది హైదరాబాద్ కంపెనీ కెర్నెక్స్. అది ఉపగ్రహ సంకేతాలను నమ్ముకుంది. పక్కపక్కనే ఉన్న పట్టాల్లో బండి దేని మీద ఉందో తేల్చడం దానికి కష్టమైంది. లూప్ లైన్లు, సైడింగులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే రామగుండం లాంటి యార్డులో ఆ తేడా ప్రాణాలతో సమానం.

2012లో కవచ్ పని కొత్తగా మొదలైంది. ఈసారి లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ యంత్రం కన్నా ముందు స్పెసిఫికేషన్ రాసింది. నా దృష్టిలో కవచ్ చరిత్రలో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం అది. ఆ పత్రం ఆధారంగా మూడు కంపెనీలు వేర్వేరుగా పరికరాలు చేశాయి: రైలింజన్ల ఎలక్ట్రానిక్స్ చేసే మేధా సర్వో డ్రైవ్స్, బ్యాటరీలతో పేరు తెచ్చుకున్న హెచ్‌బీఎల్, కెర్నెక్స్. మూడూ హైదరాబాద్‌వే.

కవచ్‌లో పట్టాల కింది స్లీపర్ల మీద చిన్న ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు బిగించి ఉంటాయి. ఇంజను అడుగున ఉన్న రీడరు వాటి మీదుగా పోతూ ఏ పట్టా, ఏ చోటు అన్నది చదువుకుంటుంది. రెండు ట్యాగుల మధ్య దూరాన్ని చక్రం తిరుగుడును బట్టి లెక్కగడుతుంది. ఆ వివరం రేడియోలో స్టేషనుకు చేరుతుంది. స్టేషన్లోని కవచ్ పెట్టె, సిగ్నళ్లనూ పట్టాల మార్పిడినీ నియంత్రించే ఇంటర్‌లాకింగ్ నుంచి సిగ్నళ్ల స్థితి తీసుకుని, బండి ఎంతవరకు రావచ్చో తిరిగి చెబుతుంది. లోకో పైలట్ బ్రేకు వేయకపోతే కవచే వేస్తుంది. సర్క్యూట్ బోర్డులు, సాఫ్ట్‌వేర్ ఎవరి ఇష్టం వారిది. ట్యాగులో ఏముండాలి, గాలిలో ఏ వరసలో ఏ అంకె వెళ్లాలి అన్నదాంట్లో మాత్రం రాజీ లేదు.

2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల రైళ్ల మీద పరీక్షలు మొదలయ్యాయి. 2020 జూలైలో రైళ్ల రక్షణకు కవచ్ జాతీయ వ్యవస్థ అయింది. 2022 మార్చి 4న వికారాబాద్ వైపు గుల్లగూడ–చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య ఒకే పట్టా మీద రెండు ఇంజన్లు ఎదురెదురుగా వచ్చాయి. ఒకదాంట్లో రైల్వే మంత్రి ఉన్నారు. 380 మీటర్ల దూరం ఉండగానే ఆయన ఎక్కిన ఇంజను దానంతటదే ఆగింది. దక్షిణ మధ్య రైల్వేలో 2024 నాటికి 1,465 కిలోమీటర్ల మేర, 144 ఇంజన్లలో కవచ్ వచ్చింది.

2024 జూలై 16న 4.0 వెర్షన్‌కు ఆమోదం దొరికింది. పెద్ద యార్డుల్లో సిగ్నల్ సమాచారం మెరుగైంది. స్టేషనుకూ స్టేషనుకూ మధ్య కవచ్ సంభాషణకు ఆప్టికల్ ఫైబర్ దారి ఏర్పడింది. బండి ఒక స్టేషను పరిధి దాటి పక్క స్టేషను చేతికి వెళ్లే చోటే వేర్వేరు కంపెనీల పెట్టెలు ఎదురుపడతాయి గనుక ఈ మార్పు విలువైనది. దక్షిణ మధ్య రైల్వేలో అంతకుముందు పెట్టినవి 3.2 తరం పరికరాలు. కొత్త తరం వస్తున్నకొద్దీ వేర్వేరు కంపెనీల పెట్టెలు కలుస్తాయో లేదో చూసే పరీక్షలనే వెర్షనుకూ వెర్షనుకూ మధ్య కూడా పట్టుదలగా చేయాలి.