చనిపోయిన చేప సరస్సుకు ఏమిస్తుంది?



ఫుడ్ చైన్ అనగానే పిల్లలు గడ్డి, మిడత, కప్ప, పాము అని గడగడా చెప్పేస్తారు. అందులో ఒక లింకు తగ్గితే ఏమవుతుందని అడిగితే మాత్రం ఆగిపోతారు. ఈ విషయం ఇంట్లో మాట్లాడుకోవడానికి అలాస్కాలోని ఒక చిన్న నది మంచి ఉదాహరణ.

కోడియాక్ దీవిలో కార్లక్ సరస్సు నుంచి సముద్రం దాకా పారే కార్లక్ నది పొడవు దాదాపు 40 కిలోమీటర్లే. అక్కడికి రోడ్డు లేదు. నీటి మీద దిగే చిన్న విమానంలోనో, పడవలోనో వెళ్లాలి.

ఏటా వేసవిలో సాకై సాల్మన్ చేపలు సముద్రం నుంచి ఈ నదిలోకి ఎదురీదుతాయి. తాము పుట్టిన నీటి వాసనను గుర్తుపట్టి అక్కడికే చేరతాయి. నదిలోకి వచ్చాక తిండి మానేస్తాయి, ఒళ్లు ఎర్రబడుతుంది, గుడ్లు పెట్టి చనిపోతాయి. మన పులస కూడా సముద్రం నుంచి గోదావరికి ఎదురీదే చేపే. కానీ పులస గుడ్లు పెట్టాక తిరిగి సముద్రానికి వెళ్లగలదు. ఈ సాల్మన్‌కు తిరుగు ప్రయాణం ఉండదు.

ఆ చావు వృథా కాదు. సముద్రంలో పెరిగిన ఆ శరీరంలోని నైట్రోజన్, ఫాస్ఫరస్ సరస్సులో కలుస్తాయి. వాటితో నాచు పెరుగుతుంది. నాచును చాలా చిన్న జీవులు తింటాయి. ఆ జీవులను సాల్మన్ పిల్లలు తింటాయి. అంటే, ఎన్నడూ చూడని తల్లిదండ్రులే వాటికి తిండి పెడుతున్నారన్నమాట.

1882లో అక్కడ చేపలను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ మొదలైంది. లక్షల చేపలు సరస్సు చేరకముందే వలల్లో పడ్డాయి. తర్వాత బ్రూస్ ఫిన్నీ బృందం సరస్సు అడుగు మట్టిని పొరలు పొరలుగా పరీక్షించి, 300 ఏళ్ల చరిత్రను 2000లో ప్రచురించింది. వేట పెరిగాక, సముద్రం నుంచి సరస్సుకు అందే పోషకాలు తగ్గాయని అందులో తేలింది. అంతకుముందే, 1980ల చివర్లో, పొలానికి వేసినట్టు సరస్సుకు ఎరువు వేసి చూశారు.

1921లో నదికి అడ్డంగా కంచె కట్టి, పైకి వెళ్లే చేపలను లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ లెక్క చూసే వేటకు అనుమతిస్తారు. ముందు సరస్సు వాటా, తర్వాతే మనిషి వాటా.

ఈ ఆదివారం మీ పిల్లలను ఒక ప్రశ్న అడగండి: ఒక ఏడాది చేపలన్నీ పట్టేస్తే నష్టం ఆ ఒక్క ఏడాదికేనా? చిన్న క్లూ: సాల్మన్ పిల్లలు ఎక్కువగా సరస్సులో రెండు మూడేళ్లు, సముద్రంలో మరో రెండు మూడేళ్లు పెరుగుతాయి. జవాబును బొమ్మగా గీసి సైన్స్ నోట్‌బుక్‌లో తెమ్మనండి. క్లాసులో అందరం కలిసి చూద్దాం.