మ్రింగుట వేఱు, చంపుట వేఱు

తెల్లరక్తకణము సూక్ష్మజీవిని మ్రింగునని పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, “మ్రింగినంతమాత్రమున అదేల చచ్చును?” అని యడిగెను. ఎంత చక్కని ప్రశ్న! లోనికి పోయిన క్రిమి ఆహారము దొరకినచో అచ్చటనే రెండుగా, నాలుగుగా చీలి వర్ధిల్లవచ్చును గదా. మ్రింగుటను గూర్చిన కథ లోకప్రసిద్ధము. చంపుటను గూర్చిన కథ అంతకంటె రమ్యమైనదని నా విశ్వాసము.

మొదటి కథను క్లుప్తముగా చెప్పెదను. 1882లో సిసిలీద్వీపమందలి మెస్సినాలో రష్యాదేశపు జంతుశాస్త్రజ్ఞుడు మెచ్నికాఫ్, పారదర్శకములైన నక్షత్రమత్స్యపు డింభకములలో గులాబిముండ్లు గ్రుచ్చి మఱునాడు చూడగా, సంచారకణములు ముల్లును చుట్టుముట్టియుండెను. దేహరక్షణభారము కణములదే యని ఆయన సిద్ధాంతీకరింపగా, జర్మనుశాస్త్రజ్ఞులు రక్తరసముదే యనిరి. 1890లో బేరింగు, కిటసాటోలు ధనుర్వాతవిషమును విఱుచు శక్తి రక్తరసమున గలదని నిరూపించుటతో వారి వాదము బలపడెను. 1903లో లండనునందు ఆల్మ్రోత్ రైటు, డగ్లసులు, రక్తరసములోని పదార్థములు క్రిమికి అంటుకొనిన పిదపనే కణము దానిని సులువుగా పట్టి మ్రింగుచున్నదని కనుగొనుటతో, ఇరుపక్షములవారును సత్యమును చెఱిసగము పట్టుకొని పెనగులాడిరని తేలినది. 1908 నోబెల్ బహుమానమును మెచ్నికాఫునకును, రక్తరసపక్షమువాడైన పాల్ ఎర్లిచ్‌నకును కలిపి యిచ్చుట ఎంతయు సముచితము.

ఇక రెండవ కథ. 1933లో బాల్డ్రిడ్జి, జెరార్డు అను నిరువురు కుక్క రక్తమునుండి తీసిన తెల్లకణములకు క్రిములను మేపి చూడగా, ఆ కణములు ఆమ్లజనిని హఠాత్తుగా అధికముగా పీల్చుకొనసాగెను. మ్రింగుటకు శ్రమ గావలెను, శ్రమకు ఊపిరి గావలెనని అప్పుడు సమాధానపడుట సహజమే. కాని 1959లో స్బారా, కార్నోవ్స్కీలు కణముల శ్వాసక్రియను విషముతో స్తంభింపజేసినను మ్రింగుట నిలువలేదని చూపిరి! మఱి ఆ ఆమ్లజని యంతయు ఏమగుచున్నది?

అది ఆయుధమగుచున్నది. క్రిమిని బంధించిన సంచి పొరలో ఒక ఎంజైము గలదు. అది కణములోపలి ఎలక్ట్రానులను పొర కీవలనుండి ఆవలకు దాటించి, సంచిలోని ఆమ్లజని కందించును. తత్ఫలితముగా సూపరాక్సైడును, దానినుండి హైడ్రొజన్ పెరాక్సైడును జనించును. ఈ సూపరాక్సైడును 1973లో బాబియరు, ఆయన సహచరులు ప్రయోగమున పట్టిచూపిరి. కణమునందలి చిన్న కణికలనుండి సంచిలోనికి వచ్చి చేరు మైలోపెరాక్సిడేసను మఱియొక ఎంజైము ఆ పెరాక్సైడును, శరీరమందలి ఉప్పుతో వచ్చు క్లోరైడును కలిపి హైపోక్లోరస్ ఆమ్లమును చేయును. మన యూళ్ల బావులలో బ్లీచింగు పౌడరు చల్లినపుడు నీటిలో పుట్టి క్రిములను చంపునదియు ఈ యామ్లమే. చీమునకు గల పచ్చని చాయ ఆ మైలోపెరాక్సిడేసుదే.

నన్ను మిక్కిలి ముగ్ధుని జేయునది మాత్రము వేఱొకటి: ఎలక్ట్రానులను దాటించు ఈ యంత్రము కణమునందు ముందుగా కూర్చబడియుండదు. రెండు భాగములు పొరయందు, తక్కినవి కణద్రవమునందు విడివిడిగా నుండి, క్రిమి పట్టువడెనను సంకేతము రాగానే, కొన్నిటికి ఫాస్ఫేటు తగులుకొని, రూపు మార్చుకొని, పొరకడకు వచ్చి జతగూడును. అప్పుడే యంత్రము నడచును. బాణసంచా చేయువాడు గంధకమును, సురేకారమును వేర్వేఱు గదులలో దాచునట్లున్నది ఈ యేర్పాటు. ఎల్లప్పుడును కూర్చియుంచినచో కణము తన్ను తానే దహించుకొనును.

ఇందు ఒక్క భాగము లోపించినను ఏమగునో దైవవశమున కొందఱు పిల్లలయందు, ముఖ్యముగా మగపిల్లలయందు, కానవచ్చినది. వారి తెల్లకణములు క్రిములను చక్కగా మ్రింగును, కాని స్టాఫిలోకాకసు వంటివి లోపల బ్రదికియే యుండునని 1967లో క్వీ, హోమ్సు, గుడ్డులు ప్రకటించిరి. 1986లో ఎక్స్ క్రోమోసోమునందు ఆ లోపమునకు మూలమైన జన్యువును గుర్తించిరి.

కథ యింతటితో తెగలేదు. 2002లో లండనునందలి సీగలు బృందము, ఆమ్లజని వ్యయమంతయు యథావిధిగా జరుగుచున్నను, కణికలలోని రెండు జీర్ణక ఎంజైములు లేని ఎలుకల కణములు క్రిములను చంపజాలవని చూపి, సంచిలోనికి వచ్చిన ఎలక్ట్రానుల వెంట పొటాషియము చొచ్చివచ్చి ఆ ఎంజైములను విడిపించుటయే యంత్రముయొక్క అసలు ప్రయోజనమని వాదించిరి. హైపోక్లోరస్ ఆమ్లమును నమ్మినవారు అంగీకరింపలేదు. నా మట్టుకు, రెండు ఆయుధములును ఒకే సంచిలో పనిచేయుచున్నవనియే తోచుచున్నది.